చేతులతో నడిచిన పాట

"అలల చేతులు మాస్టారు కూర్చినవి కావమ్మా" అంది కూతురు టీ కప్పు బల్ల మీద పెడుతూ, ఇవాళ వాన పడేలా ఉందన్నంత మామూలుగా.

కెప్టెనమ్మ ఒంటికాలి మీద లేచింది. మాటవరసకి అంటున్నది కాదు. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు ఒక కాలు వంటింటి గట్టు మీదికి చాపి నడుం వంచడం ఆవిడకి ఏళ్ళ తరబడి అలవాటు. కూతురి మాట చెవిన పడగానే వంగిన మనిషి నిటారుగా లేచేసరికి, నేల మీద ఉన్నది ఒక్క కాలే. పాలు కూడా ఆవిడతోపాటే పొంగాయి.

"ఏమన్నావే?"

"అలల చేతులు..."

"చాల్లే, మళ్ళీ అనకు. బయటివాళ్ళెవరైనా వింటే మొహాన ఉమ్మేస్తారు."

పేపరు చదువుకుంటున్న తండ్రి ఆ పేపరుని ఇంకాస్త పైకెత్తుకున్నాడు. నాటకశాలలో లైట్లు వేయడం ఆయన ఉద్యోగం. వెలుగు ఎప్పుడు ఎవరి మీద పడాలో, తాను ఎప్పుడు చీకట్లో ఉండాలో ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ముందు ఈ అలల చేతుల సంగతి చెప్పాలి, లేకపోతే తల్లీకూతుళ్ళ గొడవ ఎవరికీ తలకెక్కదు. ఆ నాటకశాలవాళ్ళ సంగీత నాటకం ఒకటుంది, "ఓడ రాని రేవు" అని. అందులో రేవు కూలీలు రాని ఓడ కోసం ఎదురుచూసి చూసి, చేసేందుకు పనిలేక, ఉన్న మూటల్నే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మోస్తూ ఆడే డాన్సు ఒకటి వస్తుంది. చూసినవాళ్ళు నాటకం కథ మరిచిపోతారు గానీ ఆ డాన్సు మరిచిపోరు. ఇనపరేకుల బూట్లతో నేల అదిరేలా ఆడి ఆడి, ఉన్నట్టుండి పాదాలు ఆగిపోతాయి. వరస వరసంతా మూటల మీద చతికిలబడుతుంది. పాట మాత్రం ఆగదు. ఒళ్ళో ఉన్న చేతులు లేచి, జారి, మణికట్టు దగ్గర తిరిగి, చివర్లో వేళ్ళు ఒక్కసారి విదిలించుకుంటాయి. అక్కడ చప్పట్లు కొట్టనివాడు ఇంతవరకూ పుట్టలేదు.

పత్రికలవాళ్ళు దానికి అలల చేతులు అని పేరు పెట్టేశారు. ఒకాయన అది సముద్రమేనని తేల్చాడు. ఇంకొకాయన, కాదు, ఎగరలేని పక్షి అన్నాడు. వేళ్ళు విదిలించడమంటే గుండెల్లోని దుఃఖాన్ని వదిలించుకోవడమని ఒక పెద్దావిడ ఆదివారం పేపర్లో పేజీడు వ్యాసం రాసింది. రాసేవాళ్ళకేం, కాగితం ఊరుకుంటుంది కదా అని రాస్తారు.

ఇక కెప్టెనమ్మ. ఏ నాటకానికైనా డాన్స్ మాస్టరు అడుగులు కూర్చి ఇంకో ఊరు వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆ అడుగులు చెదిరిపోకుండా కాపలా కాసే మనిషి ఒకరు కావాలి. కొత్తవాళ్ళకి నేర్పాలి, పాతవాళ్ళ బద్ధకం వదలగొట్టాలి, ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ చోట తానే దూకాలి. ఆ మనిషిని డాన్స్ కెప్టెన్ అంటారు. ఈవిడ ఆ పని మొదలుపెట్టిన కొత్తలో కెప్టెన్ అనేవాళ్ళు. ఆవిడ నోటికి జడిసి తర్వాత్తర్వాత అమ్మ తగిలించారు. ఒక చెయ్యి బెత్తెడు కిందికి దిగితే హాలు వెనకనుంచి పట్టేస్తుంది. "ఏం నాయనా, ఆ చెయ్యి నీదేనా, అద్దెకి తెచ్చావా?" అని అడుగుతుంది. అంతటి మనిషీ మాస్టారి పేరెత్తితే మాత్రం మెత్తబడిపోతుంది.

దానికి కారణముంది. ఆ కారణమే ఆవిడ ఆ పొద్దున కూతురికి వెయ్యిన్నొకటోసారి చెప్పింది.

"నాటకం మొదటిసారి కడుతున్న రోజుల్లో నా చీలమండ వాచిపోయింది. నీ వయసే నాకు. నించోలేను. ఊరికే కూర్చోబెట్టడమెందుకని దుస్తుల గదిలో ఇస్త్రీకి పెట్టారు. నా చోటు ఇవాళ పోతుందా, రేపు పోతుందా అని బిక్కుబిక్కుమంటూ ఉన్నా. ఒకరోజు మాస్టారు గుమ్మంలోకొచ్చారు. ఒక్క మాట మాట్లాడలేదు. కాసేపు నించుని చూసి వెళ్ళిపోయారు. మర్నాడు చూస్తే, కూర్చుని ఆడే ముక్క ఒకటి డాన్సులో కొత్తగా కలిపారు. ఎందుకు కలిపారు? కాలు బాగోలేని ఈ పిల్ల వరసలోంచి పడిపోకూడదని. అది ఆయన నాకు పెట్టిన భిక్ష. ఈ ఉద్యోగం, ఈ ఇల్లు, నీ చదువు, అన్నీ ఆ భిక్షలోంచి వచ్చినవే. నువ్వేమో ఆయన కూర్చినవే కావంటున్నావు!"

"అమ్మా, ఒక్కటి చూడు. తర్వాత తిట్టు."

కూతురు లాప్‌టాప్ ఇటు తిప్పింది. నాట్యం మీద పైచదువు చదువుతోంది ఆ పిల్ల. ఏదైనా ఒక నాటకంలోని డాన్సు తీసుకుని, దాని కూర్పేమిటో, ఏయే మనుషుల ఆటలు దాన్లోకి వచ్చి చేరాయో వ్యాసం రాసి, నలుగురి ముందూ విప్పి చెప్పాలి. వాళ్ళమ్మ కాపలా కాసే డాన్సునే తీసుకుంది. తెర మీద మొదటి ప్రదర్శననాటి పాత వీడియో ఆడుతోంది.

"కూర్చోకముందు కాళ్ళు చూడు. కుడి, కుడి, ఎడమ, ఈడుపు, తిరుగుడు. ఇప్పుడు చేతులు చూడు. కుడి, కుడి, ఎడమ, ఈడుపు, తిరుగుడు. పొల్లు పోలేదు. అవి అలలూ కావు, పిట్టలూ కావు. పాదాలు. ఎవరో కాళ్ళ స్టెప్పుల్ని చేతులతో మార్క్ చేస్తున్నారు."

మార్క్ చేయడమంటే డాన్సర్లకి ఊపిరి తీసుకోవడమంత మామూలు. రోజంతా కాళ్ళతో పూర్తిగా ఆడితే సాయంత్రం ఆటకి కాళ్ళు మిగలవు. అందుకని చేతుల్నే కాళ్ళనుకుని, బల్ల మీదో ఒళ్ళోనో ఆ స్టెప్పుల్ని నడిపించుకుంటారు. కుడి చెయ్యి కుడికాలు, ఎడమ చెయ్యి ఎడమకాలు. బస్సులో మార్క్ చేసేవాళ్ళుంటారు, పడకలో చేసేవాళ్ళుంటారు. ఆ సమయంలో మనసుకి కనపడేవి కాళ్ళే. చేతులేం చేస్తున్నాయో చేసేవాళ్ళకే తెలియదు.

"అయితే ఏంటట? మాస్టారే మార్క్ చేసుకుని ఉంటారు" అంది కెప్టెనమ్మ.

"మాస్టారు రెండు వేళ్ళతో చేస్తారు. దొరికిన ఇంటర్వ్యూలన్నీ చూశాను, అన్నిట్లోనూ రెండు వేళ్ళే బల్ల మీద నడిపిస్తారు. ఇలా అరచెయ్యి బోర్లించి జరపడం, చివర్లో వేళ్ళు విదిలించడం ఆయనకి లేదు. ఆ విదిలింపు నేను రోజూ ఈ వంటింట్లోనే చూస్తాను."

"ఎవరి దగ్గర?"

"ఆ దుస్తుల గదిలో నువ్వేం చేస్తుండేదానివమ్మా?"

"చెప్పాగా, ఇస్త్రీ."

"ఇస్త్రీ ఒక్కటేనా?"

"నా స్టెప్పులు మరిచిపోతే చోటు పోదూ? ఇస్త్రీ బల్ల మీదే మార్క్ చేసుకుంటూ ఉండేదాన్ని."

"మధ్యమధ్యలో నీళ్ళు?"

"నీళ్ళు చల్లకుండా బట్ట ఎలా ఇస్త్రీ చేస్తారే, తెలివితక్కువదానా! పక్కన గిన్నె పెట్టుకుని, వేళ్ళు ముంచి..." అంటూ కెప్టెనమ్మ చెయ్యి గాలిలో ఒక్కసారి విదిలించి, అక్కడే ఆగిపోయింది.

పేపరు వెనకనుంచి చిన్న దగ్గు వినపడింది.

మనసు ఒప్పుకోనప్పుడు కళ్ళెదుట ఉన్నది కూడా కనపడదు. కెప్టెనమ్మ చేతులు రెండూ తువ్వాలుతో గట్టిగా తుడిచేసుకుంది. "శనివారం మాస్టారు వస్తున్నారు. ఈసారి నాటకం మళ్ళీ కట్టే పని ఎవరికి అప్పగించాలో ఆ రోజే చెబుతారట. ఎవరో కొత్త డాన్స్ మాస్టర్ని బయటినుంచి తెస్తారని ఇప్పటికే గుసగుసలు. నేను కాపాడుకొచ్చిన డాన్సు, వాడెవడో వచ్చి చెడగొడితే నేను బతికుండగా చూడలేను. సరిగ్గా ఆ రోజే నాటకశాలలో నీ వ్యాసం చెప్పేది కూడా. మైకు ముందు, ఆయన మొహం మీదే నువ్వీ మాట అన్నావనుకో, ఏమనుకుంటారు? కూతురితో అనిపించిందనుకుంటారు. విశ్వాసం లేని మనిషి అనుకుంటారు. నా కొంప ముంచకే తల్లీ. ఒట్టెయ్."

కూతురు తల్లి చేతిలో చెయ్యేసింది. "ఆ చేతులు ఎవరివో నేను ఒక్క మాట కూడా మాట్లాడను. ఒట్టు."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే కెప్టెనమ్మకి అనుమానం రావలసింది. ఎంతమంది దొంగ డాన్సర్లని పట్టుకున్న మనిషి! కానీ కడుపున పుట్టినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎవరి తెలివైనా అంతంత మాత్రమే. "ఒట్టేసిందిగా, ఇంక వదిలెయ్" అన్నాడు తండ్రి, పేపరు మడతపెట్టి లేస్తూ. లేచేటప్పుడు ఆయన కూతురివైపు చూసిన చూపు ఆవిడ చూడలేదు, పాలు తుడుస్తోంది.

శనివారం నాటకశాల నిండిపోయింది. కాలేజీ పిల్లలు, దుస్తులు కుట్టే దర్జీలు, టికెట్లు చింపేవాళ్ళు, ఒకప్పుడు ఆడి మానేసినవాళ్ళు, అంతా వచ్చారు. రంగస్థలం మీద ఒక పక్క తెర, ఒక పక్క బల్ల. ఇంకో పక్కన నాటకంలోని మూటలు వరసగా పేర్చి, ఈసారి ఆడబోయే పిల్లల్ని వాటి మీద కూర్చోబెట్టారు. ఆ వరస చివరి మూట మీద కెప్టెనమ్మ కూర్చుంది. కొత్త బట్టలు కట్టుకుంది గానీ మొహంలో కళ లేదు. వెనకాల ఉన్న గదిలో, లైట్ల మీటల దగ్గర, మొగుడున్నాడు.

మాస్టారు అందరికంటే ఆలస్యంగా వచ్చారు. ఆయన ఎప్పుడూ అంతే, మొదలవుతుందనగా వస్తారు. చేతికర్ర, నెరిసిన జుట్టు, ఎవరేం చెప్పినా "ఊఁ" అని ముక్కుతో అనే అలవాటు. కెప్టెనమ్మ లేచి చేతులు జోడించింది. ఆయన "ఊఁ" అని, మొదటి వరసలో కాలేజీ ప్రొఫెసరు పక్కన కూర్చున్నారు.

కూతురు మైకు ముందుకొచ్చింది. మొదటి మాటకే గొంతు వణికింది. తల్లి గోళ్ళు మూట గోనెలోకి దిగాయి. గట్టిగా మాట్లాడవే, ఊపిరి కడుపులోంచి తియ్యి, అని ఆవిడ మనసులో అరుస్తోంది. ఆ పిల్లకి వినపడిందో ఏమో, మైకు వదిలేసి చెప్పులు విప్పేసి ముందుకొచ్చింది.

"ఈ డాన్సులో నాలుగు నడకలున్నాయండీ" అని మొదలుపెట్టింది. "మొదటిది ఈ బూట్ల చప్పుడు. యజమానులు డప్పులు లాక్కుంటే పాదాలనే డప్పులు చేసుకున్న బానిసల దగ్గర మొదలైంది ఇది. అందుకే చూడండి, పాటలో డప్పు ఆగిన ప్రతిచోటా వీళ్ళ కాళ్ళు అందుకుంటాయి." అని తానే ఆ కాళ్ళ చప్పుడు చేసి చూపించింది. "రెండోది ఓడలవాళ్ళ ఆట. చేతులు కట్టుకుని, ఉన్నచోటే ఎగురుతారు. ఓడ మీద చోటుండదు కదా. ఇక్కడ రేవంతా ఖాళీయే, అయినా వీళ్ళు చోటు లేనట్టే ఆడతారు. రాని ఓడని వాళ్ళు అప్పుడే ఎక్కేశారన్నమాట."

హాలులో ఎవరో "అబ్బ" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ ముక్క నేర్పుతున్న కెప్టెనమ్మకి ఆ సంగతి తట్టనే లేదు. చేతులు కట్టుకోండి, మోచేతులు పైకి, అని అరవడమే గానీ, ఎందుకు కట్టుకుంటారో ఎప్పుడైనా ఆలోచించిందా?

"మూడోది పెద్దింటి హాళ్ళలో జంటలు గుండ్రంగా తిరిగే ఆట. కూలీవాడికి జంటెక్కడిది? మూటనే నడుం పట్టుకుని తిప్పుతాడు. చూసేవాళ్ళకి ముందు నవ్వొస్తుంది, తర్వాత రాదు. నాలుగోది మూట మోసే నడక. మోకాలు వంచి, పాదం ఈడ్చి. ఇది ఏ ఆటలోంచీ రాలేదు. మాస్టారు రేవులో కూర్చుని చూసి తెచ్చుకున్నారు. మిగతా మూడు నడకల్నీ ఈ నడకే మోస్తుంది. ఎగిరినా, తిరిగినా, చప్పుడు చేసినా, వీళ్ళ భుజాలు మాత్రం ఒక్కసారి కూడా తేలిక పడవు."

మాస్టారు "ఊఁ" అనలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగారు. కెప్టెనమ్మ పక్కనున్న పిల్లని గిల్లింది. "ఎవరనుకున్నావ్, నా కూతురు!" అంది. ఆ పిల్ల "తెలుసండీ" అంది చెయ్యి రుద్దుకుంటూ. తెలిస్తే మాత్రం, మళ్ళీ చెప్పుకుంటే తప్పేముంది? కడుపు నిండిపోయింది ఆ తల్లికి. మాస్టారి ముందు ఆయన డాన్సునే విప్పి పరిచి, మళ్ళీ మడతపెట్టి ఇస్తోంది. దీనికి నడక నేర్పింది నేనే కదా అనుకుంది, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి.

"ఇక అలల చేతులు" అంది కూతురు.

కెప్టెనమ్మ మూట మీదనుంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

"వీటి గురించి నేను ఒక్క మాట కూడా మాట్లాడను. మా అమ్మకి ఒట్టేశాను."

హాలంతా గొల్లున నవ్వింది. కెప్టెనమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికి రా చెబుతా నీ పని, అన్నట్టు కూతురివైపు గుడ్లురిమింది. అంతలో లైట్లు ఆరిపోయాయి. తెర మీద కూడా ఏమీ లేదు. పాట మాత్రం మొదలైంది. కూర్చోకముందు కాళ్ళు ఆడే ముక్క, ఇనపరేకుల బూట్ల ముక్క.

ఆ చీకట్లో ఒక సన్నటి వెలుగు వచ్చి, వరస చివరి మూట మీద, ఒక మనిషి ఒళ్ళో పడింది. మొహం మీద పడలేదు. చేతుల మీదే పడింది. అంత నెమ్మదిగా వెలుగు వేయడం ఆ నాటకశాలలో ఒక్కడికే వచ్చు.

కెప్టెనమ్మకి అదేమీ తెలియదు. ఆవిడ చూపంతా కూతురున్న చీకటి వైపే ఉంది, కోపమంతా ఆ చూపులోనే ఉంది. ఆ పాట వింటే ఆవిడ చేతులు ఊరుకోవు. బస్సులో ఊరుకోవు, పెళ్ళిలో ఊరుకోవు, ఇప్పుడూ ఊరుకోలేదు. కుడి అరచెయ్యి బోర్లా జరిగింది. మళ్ళీ జరిగింది. ఎడమది లేచింది, బరువుగా ఈడ్చుకుంది. రెండూ మణికట్టు దగ్గర తిరిగాయి. అడుగు ముగిసేచోట వేళ్ళు ఒక్కసారి విదిలించుకున్నాయి.

అప్పుడు తెర వెలిగింది. మొదటి ప్రదర్శననాటి అలల చేతులు, చప్పుడు లేకుండా. తెర మీద వరసంతా చేతులు. తెర ఇవతల రెండు చేతులు. ఒకటే కదలిక, ఒకటే తాళం, ఒకటే విదిలింపు. మొదట దర్జీలు గమనించారు. తర్వాత గుసగుస మొదలైంది.

అందరూ తనవైపే చూస్తున్నారేమిటి చెప్మా అని కెప్టెనమ్మ తల దించింది. వెలుగులో తన చేతులు కనపడ్డాయి. తల ఎత్తింది. తెర మీద కనపడ్డాయి. ఇన్నేళ్ళలో మార్క్ చేసేటప్పుడు తన చేతుల్ని తాను చూసుకోవడం ఆవిడకి అదే మొదలు. ఆ చేతులు తాళం మధ్యలోనే ఆగిపోయాయి. అది కూడా మొదటిసారే.

లైట్లు వెలిగాయి. ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, అంటే నీ ఉద్దేశం... ఇందులో ఐదో ప్రభావం ఇస్త్రీ బల్ల అనా?" ఆయనకి ముందే వ్యాసం చూపించినట్టుంది. "దాన్ని సంస్కృతి కింద రాయొచ్చంటావా?"

"మూటలు మోసేవాళ్ళ నడక రాస్తే ఒప్పుకున్నారు కదా సార్, ఇస్త్రీ చేసే చెయ్యికి ఏం తక్కువైంది?" అంది కూతురు.

ప్రొఫెసరు నవ్వి, మాస్టారి వైపు చూశాడు. హాలంతా ఆయన వైపే చూసింది. అయిపోయింది, నాటకం పోయింది, ఉన్న మంచిపేరు కూడా పోయింది అనుకుంది కెప్టెనమ్మ. మూట మీదనుంచి లేచి, "మాస్టారూ, చిన్నపిల్ల, తెలియక..." అని ఏదో అనబోయింది.

"కూర్చో" అన్నారు మాస్టారు. కర్ర ఊతంగా ఆయనే లేచారు. "ఆ పిల్లకి తెలియకపోవడమేమిటి? అన్నీ తెలిసే చేసింది. నేను ఎప్పుడైనా అవి అలలని అన్నానా? పేపర్లవాళ్ళు అన్నారు. బాగుందని ఊరుకున్నాను. ఎక్కడివని ఎవడూ అడగలేదు, అడిగితే గదా చెప్పడానికి? ఆ రోజు దుస్తుల గది గుమ్మంలో నించుని నేను చూసింది ఇదే. నా కాళ్ళ స్టెప్పులే, కానీ నాకంటే బాగా, ఇస్త్రీ బల్ల మీద నడుస్తున్నాయి. మర్నాడు తెచ్చి పెట్టేశాను."

"నా కాలు బాగోలేదని జాలిపడి..." అంది కెప్టెనమ్మ.

"జాలా? నాకా?" మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "నేనెవరి మీద జాలిపడ్డానమ్మా ఎప్పుడైనా? కాలు వాచిన పిల్లతో పని జరగదు, ఇంటికి పొమ్మని చెబుదామనే ఆ గదికి వచ్చాను. మాట నోటిదాకా వచ్చింది కూడా. నీ చేతులు చూశాక ఆ మాట మింగేశాను. నిన్ను నేను నిలబెట్టలేదు. నీ చేతులే నిలబెట్టుకున్నాయి."

కెప్టెనమ్మ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ప్రతి కొత్త ఆటకీ ముందు ఈ మనిషిని తలుచుకుని దణ్ణం పెట్టుకుంది. కూతురికి అన్నం తినిపిస్తూ ఈయన దయ గురించి చెప్పింది. వేరే నాటకశాలవాళ్ళు ఎక్కువ ఇస్తాం రమ్మంటే, భిక్ష పెట్టిన చోటు వదలనంది. ముందు ఆవిడకి ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఎక్కడో కాలి మడమల దగ్గర మొదలై, వెన్ను పొడుగునా పైకి పాకి, తల నిటారుగా నిలబెట్టేది ఏదో వచ్చింది. దాన్ని గర్వమంటారని ఆవిడకి తెలుసు. తన గురించి అది రావడమే కొత్త.

"అయితే మాస్టారూ, ఇన్నాళ్ళూ మీకని పెట్టిన దణ్ణాలన్నీ నా చేతులకి నేనే పెట్టుకున్నానన్నమాట!"

హాలు గొల్లున నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. "నాటకం ఎవరికి అప్పగించాలని అడుగుతున్నారు వీళ్ళు. ఇంకెవరున్నారు? పోస్టరు మీద నా పేరు పక్కన నీ పేరు వేయిస్తాను. ఇంకేమైనా కావాలా?"

"పోస్టరు సంగతి తర్వాత చూద్దాం లెండి" అంది కెప్టెనమ్మ. అప్పటికే ఆవిడ లేచి వరస ముందుకొచ్చేసింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతు మాత్రం పాత గొంతే. "ముందు ఇది సరిచేయాలి. ఇన్నేళ్ళూ తప్పు నేర్పాను. అలలు అలలు అని చెప్పి వీళ్ళ చేతుల్ని గాలికొదిలేశాను. అవి తేలే చేతులు కాదు. అవి పాదాలు. బరువుండాలి. మూట మోసిన పాదం ఎంత బరువుగా పడుతుందో, చెయ్యి అంత బరువుగా పడాలి. చివర్లో విదిలించేది దుఃఖమూ కాదు, పాడూ కాదు. నీళ్ళు. తడి చెయ్యి ఎలా విదిలిస్తారో మీకు తెలియదా? ఏమండీ, పాట వేయించండి!"

వెనక గదిలోంచి "చిత్తం" అని వినపడింది.

పాట మొదలైంది. "ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది" అని అడుగు అందుకోవడానికి లెక్క అందించింది కెప్టెనమ్మ. వరసలోని చేతులన్నీ ఒక్కసారిగా మూటల మీద పడ్డాయి. ఆ ముక్కలో అంతవరకూ ఎప్పుడూ చప్పుడన్నది లేదు. ఇప్పుడు గోనె మీద అరచేతులు పడ్డ చప్పుడు చివరి వరసదాకా వినపడింది. కుడి, కుడి, ఎడమ, ఈడుపు, తిరుగుడు. మైకు పక్కన చెప్పుల్లేకుండా నించున్న కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "నువ్వు ఏడవడం తర్వాత, ముందు చూసి రాసుకో, నీ వ్యాసంలో ఈ చప్పుడు లేదు" అని తల్లి అటు తిరక్కుండానే కసిరింది.

రెండోసారికి దర్జీల చేతులు కూడా ముందు కుర్చీల వీపుల మీద పడుతున్నాయి. కెప్టెనమ్మ వరస పొడుగునా నడుస్తూ, ఒకరి మోచెయ్యి ఎత్తి, ఒకరి మణికట్టు దించి, చివరికొచ్చి కింద మొదటి వరస వైపు చూసి ఆగింది. మాస్టారు కర్ర పక్కన పెట్టేశారు. రెండు వేళ్ళు కాదు, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించి, పెదాలు బిగించి, శ్రద్ధగా నడిపిస్తున్నారు.

"మాస్టారూ, ఎడమ చెయ్యి ఆలస్యమవుతోంది" అంది కెప్టెనమ్మ.

మాస్టారు "ఊఁ" అని సరిచేసుకున్నారు.